పలక మీది మనిషి

1978 జూన్ 19, సోమవారం, ఉదయం పదిన్నర గంటలు. నంద్యాలలో మా మేనత్త ఇంటి వసారాలో నాయన నా ట్రంకుపెట్టెను భుజం మీద నుంచి దింపి, తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. లోపల గోడగడియారం అర గంట కొట్టింది. ఆ సమయం ఇంత కచ్చితంగా జ్ఞాపకం ఉండటానికి కారణం ఉంది. ఆ తరువాత నెలన్నర పాటు ఆ ఇంట్లో పగటిపూట నేను తెలుగు మాట్లాడలేదు.

మాది ఆళ్లగడ్డ. అమ్మ పొలం కూలికి పోయేది. నాయన విగ్రహాలు చెక్కే పందిళ్లలో బండరాళ్లు దింపే పని చేసేవాడు. మా ఇంట్లో పదో తరగతి దాకా వచ్చినదాన్ని నేనే. ఆ ఏడు పరీక్షలో అన్నీ పాసై, ఇంగ్లీషు ఒక్కటి తప్పాను. సెప్టెంబరులో మళ్లీ రాసి గట్టెక్కితే కాలేజీ ఉంటుంది, లేకపోతే అమ్మతో పాటు కూలికి పోవాలి. ఇది నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పవలసిన అవసరం లేనంత స్పష్టంగా మా అందరికీ తెలుసు.

మేనత్త భర్త, అంటే మా మామ, ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయులు. బడి ఇంటికి ఎదురుగానే ఉండేది. చర్చి వాళ్లలో ఇంగ్లీషు బాగా వచ్చినవారిగా ఆయనకు పేరు. నన్ను సెప్టెంబరు దాకా ఇంట్లో పెట్టుకొని చదివించడానికి ఒప్పుకున్నారు గానీ, వసారాలో నిలబడే ఒక షరతు పెట్టారు.

"లైటు వేసేదాకా ఈ పాపతో ఈ ఇంట్లో ఎవురూ తెలుగు మాట్లాడకూడదు. పాప గూడా మాట్లాడకూడదు."

నాయన కాస్త కంగారు పడ్డాడు. "అట్లయితే నీళ్లు కావల్లంటే ఎట్ల బావా?"

"ఇంగ్లీషులో అడగల్ల."

"రాకపోతే?"

"దప్పికైతే అదే వస్తాదిలేప్పా."

పోయే ముందు నాయన నన్ను గేటు దగ్గరికి పిలిచాడు. "చూడు పాపా, ఒక నెల ఉండి చూడు. నెల తిరిగినాక ఒకపారి వచ్చి పోతా. ఉండలేనంటే అప్పుడు పిల్చుకొని పోతా. ఊరికూరికే రాలేను, పని పోతాది. ఆ ఒక్కపారే." నేను తల ఊపాను. నేను తల ఊపుతుండగానే మామ గారు లోపల నుంచి ఇంగ్లీషులో పిలిచారు.

ఆ తరువాత రోజులను ఎలా వర్ణించాలో నాకు ఇప్పటికీ సరిగా తెలియదు. తలుపు ఎప్పుడూ తెరిచే ఉండేది. వీధి కనిపించేది. బడి ముందరి వేపచెట్టు కనిపించేది. ఎవరూ నన్ను కట్టివేయలేదు, కసరలేదు. అయినా ఆ ఇంట్లో నేను నోరున్న మనిషిని కాను. నాకు వచ్చిన ఇంగ్లీషంతా వ్యాకరణం పుస్తకంలోని పట్టికలే. వర్తమానం, భూతం, భవిష్యత్తు, కర్తరి, కర్మణి. పిల్లి ఎలుకను చంపెను, ఎలుక పిల్లిచేత చంపబడెను. ఈ వాక్యాలతో ఒక ఇంట్లో కాపురం చేయడం ఎలాగో ఆ పుస్తకం చెప్పలేదు.

మొదటి వారంలోనే ఒక మధ్యాహ్నం ఆకలి పట్టలేక, ఖాళీ పళ్లెం పట్టుకొని వంటింటి గడపలో నిలబడి, మామ గారి వైపు చూస్తూ, అప్పటికి వచ్చిన వాక్యాన్ని చెప్పాను.

"ఐ యామ్ ఈటింగ్ రైస్."

ఆయన నా పళ్లెం వంక శ్రద్ధగా చూశారు. "నో. యూ ఆర్ నాట్ ఈటింగ్," అని, తమ ముద్ద తాము కలుపుకున్నారు.

ఆ 'నో' ఒక్కటే నాకు తెలిసింది. అన్నం లేదన్నారనుకొని వెనక్కి తిరిగి వెళ్లి వెనుక గదిలో కూర్చున్నాను.

అత్తకు ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. కానీ భర్త పెట్టిన కట్టుబాటును ఆమె దాటేది కాదు. దాటకుండానే ఒక దారి కనిపెట్టింది. నాతో మాట్లాడకూడదన్నారు గానీ, సామాన్లతో మాట్లాడకూడదని ఎవరూ అనలేదు గదా. ఆ మధ్యాహ్నం మామ గారు బడికి పోగానే, వంటింట్లో నుంచి గట్టిగా వినిపించింది.

"ఓ కుండా, నీ కడుపులో ఇంగా అన్నముండాది. ఎవురన్నా వచ్చి తినిపోతే బాగుండు. ఓ చెంబూ, పప్పు ఆ మూలుండాదని చెప్పు."

అప్పటి నుంచి నాకు ఆ ఇంటి సమాచారమంతా కుండ ద్వారా, చీపురు ద్వారా, రోలు ద్వారా అందేది. "ఏమే చీపురూ, పొద్దెక్కింది, ఇంగా పండుకున్యావా?" అంటే నేను లేవాలని. నేను వాటికి జవాబు చెప్పడానికి మాత్రం వీలు లేదు. చీపురుకైనా తెలుగులో జవాబు చెబితే అది నేను మాట్లాడినట్లే గదా. నవ్వు వచ్చేది, కానీ ఎవరితో కలిసి నవ్వాలో తెలిసేది కాదు. సాయంత్రం లైటు వేసిన తరువాత మాట్లాడవచ్చు గానీ, పగలంతా మూసి ఉంచిన నోరు ఆ వేళకు తెరుచుకునేది కాదు. అన్నం తిని పడుకునేదాన్ని. నాయన వచ్చే రోజు ఒక్కటే నా మనసులో ఉండేది. రాగానే ట్రంకు ఎత్తుకొని ఆయన వెనుకే నడవాలని ఎప్పుడో నిర్ణయించుకున్నాను.

ఇక పలక సంగతి చెప్పాలి.

తలుపు పక్కన గోడకు మేకు కొట్టి ఒక పెద్ద పలక తగిలించారు మామ గారు. రోజూ బడి ఇంటర్వెల్‌లో ఇంటికి వచ్చి, దాని మీద సుద్దముక్కతో ఐదారు వాక్యాల ఇంగ్లీషు పాఠం రాసి, కింద ప్రశ్నలు రాసి పోయేవారు. మధ్యాహ్నం భోజనానికి వచ్చేలోగా నేను పక్కన జవాబులు రాయాలి. సరిగా ఉంటే రైటు గుర్తు పెట్టేవారు. దీన్నే కాంప్రహెన్షన్ అంటారని ఆళ్లగడ్డ బడిలో ఉన్నప్పుడే తెలుసు. ఇంగ్లీషు పేపరులో నాకు మార్కులు వచ్చే భాగం అది ఒక్కటే. దానికి కారణం నా తెలివి కాదు. మా బడిలో పెద్ద తరగతి వాళ్లు చిన్న తరగతి వాళ్లకు నేర్పిపోయే ఒక ఉపాయం.

ఉపాయం చాలా సులభం. ప్రశ్నలో ముందున్న చిన్న చిన్న మాటలు వదిలేసి, కొంచెం పొడుగ్గా ఉన్న మాటను పట్టుకోవాలి. అదే మాట పాఠంలో ఎక్కడ ఉందో వెతకాలి. దొరికిన చోట, వెనకటి చుక్క నుంచి ముందరి చుక్క దాకా ఉన్న వాక్యాన్ని ఎత్తి రాయాలి. అంతే. బడిలో అందరం అలాగే రాశాం. అందరికీ రైటు పడింది. ఆ వాక్యానికి అర్థం ఏమిటని మమ్మల్ని ఎవరూ అడగలేదు, మేమూ అడగలేదు. పాఠంలో రైతు ఉండేవాడు, నక్క ఉండేది, ఒక ముసలమ్మ ఉండేది. వాళ్లు మాకు ఏమీ కారు. వాళ్ల కష్టసుఖాలు చుక్క నుంచి చుక్క దాకా ఉండి, ఆ తరువాత తుడిచివేయబడేవి. ఇంగ్లీషులో రాసినది నిజంగా ఉన్న మనుషుల గురించి కావచ్చుననే ఆలోచనే నాకు ఎన్నడూ రాలేదు.

మామ గారు నా జవాబులు చూసి సంతోషించేవారు. మాట్లాడటం రాకపోయినా చదివి అర్థం చేసుకునే శక్తి ఉందని అత్తతో అనేవారట. ఆ మాట కుండ నాకు చెప్పింది.

జూలై చివరలో ఒక గురువారం. అత్త ఉదయమే చర్చిలో స్త్రీల కూడికకు పోయింది. ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నాను. ఇంటర్వెల్ గంట కొట్టాక మామ గారు వచ్చారు. ఎన్నడూ లేనిది ఆయన ముఖంలో ఏదో ఉత్సాహం కనిపించింది. పలకను తడిగుడ్డతో శుభ్రంగా తుడిచి, ఆరేదాకా నిలబడి, పెద్ద పెద్ద అక్షరాలతో రాశారు. రాసి, నా వైపు తిరిగి, "రీడ్ ఇట్. రీడ్ ఇట్ వెల్," అని చెప్పి, గబగబా వెళ్లిపోయారు.

నేను ఎప్పటిలాగే ముందు ప్రశ్నల దగ్గరికి పోయాను. 'హూ ఈజ్ సిట్టింగ్ అండర్ ది ట్రీ?' సిట్టింగ్ పట్టుకున్నాను. పైన సిట్టింగ్ దొరికింది. ఆ వాక్యం ఎత్తి రాశాను. 'ఫర్ హూమ్ ఈజ్ హీ వెయిటింగ్?' వెయిటింగ్ పట్టుకున్నాను. దొరికింది. 'హీ ఈజ్ వెయిటింగ్ ఫర్ హిజ్ డాటర్' అని గుండ్రంగా రాశాను. 'వెన్ విల్ హీ గో బ్యాక్?' అన్నదానికి బస్సు ఉన్న వాక్యం సరిపోయింది. సుద్దముక్క కింద పెట్టి, చేతులు దులుపుకొని, పక్కనే ఉన్న తలుపులో నుంచి బయటికి చూడకుండానే వెనుక గదిలోకి పోయి, క్రియాపదాల పట్టిక ముందు పెట్టుకొని కూర్చున్నాను. ఆ పూట పని త్వరగా ముగిసిందని సంతోషించినట్టు కూడా జ్ఞాపకం.

మధ్యాహ్నం మామ గారు వచ్చి పలక ముందు నిలబడ్డారు. ఒక్కొక్క జవాబుకూ రైటు పెట్టారు. తరువాత వెనుక గది గుమ్మం దగ్గరికి వచ్చి నన్ను చాలాసేపు చూశారు.

"ఫినిష్డ్?"

"యెస్ సర్."

"ఎనీథింగ్ టు ఆస్క్?"

"నో సర్."

ఇంట్లో ఆ రెండు జవాబులే నాకు తడబడకుండా వచ్చేవి. ఏ ప్రశ్నకు ఏది చెప్పాలో ఆయన గొంతును బట్టి పోల్చుకునేదాన్ని. ఆయన భోజనం కూడా చేయకుండా బయటికి వెళ్లిపోయారు.

ఆ సాయంత్రం అత్త లైటు వేసి, నా ముందు ఒక గుడ్డసంచి ధబీమని పెట్టింది. దాంట్లో ఉడకబెట్టిన వేరుశనగ బుడ్డలు, అమ్మ ఉతికి మడిచిన నా పాత వోణీ ఉన్నాయి.

"ఇంత మొండిదానివని నాకు తెలీదు మే," అంది.

"నేనేం చేసినా అత్తా?"

"ఏం చేసినా అని అడుగుతాంది సూడు! మీ నాయన పొద్దన్నుంచి ఆ యాపచెట్టు కింద కూచొని కూచొని పోయినాడు. బయటికొచ్చి మొగం సూపిస్తే నీ చదువేమన్నా కారిపోతాదా?"

"నాయనా? యాడికొచ్చినాడు?"

"నన్నడుగుతావేం? జవాబు రాసినావంట గదా, అచ్చేసినట్ల!"

నేను లేచి పలక దగ్గరికి పోయాను. రైటు గుర్తులు అలాగే ఉన్నాయి. ఈసారి ప్రశ్నల వైపు పోకుండా, పైనుంచి, ఒక్కొక్క మాట మీద వేలు పెట్టి చదివాను. ఒక మనిషి పొద్దుటి బస్సులో వచ్చాడు. అతడు బడి ముందర చెట్టు కింద కూర్చున్నాడు. అతని చేతిలో ఒక సంచి ఉంది. అతడు తన కూతురి కోసం ఎదురుచూస్తున్నాడు. అతడు రెండు గంటల బస్సులో తిరిగి పోతాడు. ఆ మాటల్లో నాకు రానిది ఒక్కటీ లేదు. అన్నీ విడివిడిగా ఏనాడో బట్టీపట్టినవే. అవన్నీ కలిసి ఒక మనిషిగా మారగలవని మాత్రం అప్పటిదాకా తెలియదు. నేను జీవితంలో అర్థం చేసుకున్న మొట్టమొదటి ఇంగ్లీషు పాఠం అది. అది అర్థమయ్యేసరికి ఆ బస్సు ఆళ్లగడ్డ చేరి చాలాసేపయింది.

మామ గారు వెనుక వచ్చి నిలబడ్డారు.

"నీకు తెలీదా?" అన్నారు తెలుగులో.

"తెలీదు మామా."

"మరి జవాబెట్ల రాసినావు?"

నేను చెప్పలేక, చేసి చూపించాను. ప్రశ్నలో వెయిటింగ్ మీద ఒక వేలు, పాఠంలో వెయిటింగ్ మీద ఇంకో వేలు. చుక్క నుంచి చుక్క దాకా గీత గీసినట్టు చూపించాను. ఆయన ముక్కు మీది కళ్లజోడు తీసి చేతిలో పట్టుకున్నారు.

"నేను మీ నాయనతో చెప్తి గదా. ఉండప్పా, తినేది తాగేది తర్వాత, ఇప్పుడు సూడు, పాప చదువుకొని పరిగెత్తుకుంటా వస్తాది అని. ఆయప్ప ఆ తలుపు మీద నుంచి కన్ను తియ్యలేదు. మధ్యాహ్నం వచ్చి చూస్తే అన్నీ రైట్లే. నిన్నడిగితే నో సర్ అంటివి. తెలిసే రాలేదనుకుంటి. అదే మీ నాయనతో చెప్తి."

"నాయన ఏమన్నాడు?"

"సంచి నా చేతికిచ్చి బస్సుకు పోయినాడు."

మరుసటి రోజు, జరిగింది నాయనతో చెప్పడానికి మామ గారు బడికి సెలవు పెట్టారు. నేను ట్రంకు సర్దుకున్నాను. ఆయన చూశారు, తామే ఎత్తి బస్సు మీదికి అందించారు. దారిలో పట్టపగలే నాతో తెలుగులో మాట్లాడుతుంటే, ఎవరో కొత్త మనిషి పక్కన కూర్చున్నట్టు ఉంది. ఇక ఆ ఇంటికి తిరిగి పోయేది లేదు, ఆ పలక చూసేది లేదు అని నేను కిటికీలో నుంచి చేలు చూస్తూ కూర్చున్నాను. ఆ నెలన్నరలో ఊపిరి నిండా పీల్చుకున్నది ఆ ప్రయాణంలోనే.

ఆళ్లగడ్డలో మా వీధి మలుపులోనే పక్కింటామె ఎదురైంది. నా బుగ్గలు పుణికి, వీధంతా వినబడేట్టు మొదలుపెట్టింది.

"ఏం పాపా, నాయన వచ్చినా తలెత్తలేదంట గదా! అట్లుండల్ల చదివేటోళ్లు. మావాడూ ఉండాడు, పుస్తకం మీద ఈగ వాలితే దాని వెంబడే పోతాడు!"

నాకు ఆమె మాట అర్థం కాలేదు. ఇంకో ఇంటి అరుగు మీద నుంచి ఒక పెద్దాయన, "వచ్చిందప్పా మన పట్టుదల పాప," అన్నాడు. ఇంట్లోకి పోయాక అమ్మ చెప్పింది. గురువారం సాయంత్రం మా వీధిలో గృహకూడిక జరిగింది. పాటలు, ప్రార్థన అయ్యాక ఎవరికైనా దేవుడు మేలు చేస్తే లేచి నలుగురి ముందు సాక్ష్యం చెప్పడం మా వాళ్ల ఆచారం. నాయన ఏనాడూ లేచి మాట్లాడినవాడు కాదు. ఆ రోజు మాత్రం కూడికలో లేచి నిలబడ్డాడట. "నేను పోయి చెట్టు కింద పొద్దంతా కూచున్నా గూడా నా బిడ్డ చదువు మీద నుంచి లెయ్యలేదు. తెలిసి గూడా లెయ్యలేదు. అట్లాంటి మనసు దేవుడు నా బిడ్డకు ఇచ్చినాడు," అని చెప్పి కళ్లు తుడుచుకున్నాడట.

"అందరూ ఆమేన్ అన్నారు," అంది అమ్మ.

నాయన పందిరి నుంచి వచ్చేసరికి ఒంటి నిండా రాతిపొడి. నన్ను చూసి ముఖం విప్పారింది. తరువాత ట్రంకు చూశాడు.

"ఇదెందుకు తెచ్చినావు?"

మామ గారే గొంతు సవరించుకున్నారు. "తప్పు జరిగిందప్పా. పాపకు నువ్వొచ్చిన సంగతి తెలీదు. నేను రాసింది పాపకు అర్థం కాలేదు."

"జవాబు రాసిందంటివి గదా బావా."

"రాసింది."

"రైట్లు కొట్టినానంటివి."

"కొట్టినా."

"అర్థం గాకుండా జవాబెట్ల రాస్తారు? నన్ను పిచ్చోన్ని చేస్తాండారా ఇద్దరూ?"

మామ గారు మళ్లీ మొదటి నుంచి చెప్పారు. నేను కూడా చెప్పాను. నాయన మా ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూశాడు. ఆయనకు మేము చెప్పినదాంట్లో ఎంత నమ్మకం కుదిరిందో నాకు తెలియదు. గుమ్మం వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు.

"నేను సాక్ష్యం చెప్పినా. ఇంగ ఈ మాట బయట ఎవురికీ చెప్పొద్దండి."

ఆ తరువాత నా వైపు తిరిగాడు. "ఉండలేనంటే పిల్చుకొస్తా అని నేను చెప్పినా. మాట తప్పను. ఉంటావా, పోతావా?"

ఉంటాను నాయనా అనే మాట నా నోటి దాకా వచ్చింది. అది తెలుగు మాటే, పలకడానికి ఏ కట్టుబాటూ అడ్డం లేదు. అంతలో పక్కింటామె ఒక గిన్నెలో కూర మూత పెట్టుకొని గుమ్మంలోకి వచ్చింది. వెనుక ఇద్దరు పిల్లల్ని వెంటబెట్టుకొని వచ్చింది, నన్ను చూపించడానికి. "సూడండిరా, ఈయక్కే," అంది వాళ్లతో. నాయన నిటారుగా కూర్చున్నాడు. రాతిపొడి కింద ఆయన ముఖం ఎలా మారిందో నేను చూశాను.

"పోతా నాయనా," అన్నాను.

ఆదివారం ఆరాధన అయ్యాక నాయన ట్రంకు మళ్లీ భుజానికి ఎత్తుకొని బస్టాండు దాకా వచ్చాడు. దారిలో ముగ్గురు నలుగురు ఆగి నన్ను మెచ్చుకున్నారు. బస్సు కదిలే ముందు ఆయన కిటికీ దగ్గరికి వచ్చి, మామ గారు వినకుండా, "నిజంగా అర్థం కాలేదా?" అని అడిగాడు. "కాలేదు నాయనా," అన్నాను. ఆయన తల ఊపాడు. నమ్మి ఊపాడో, బస్సు పోతున్నదని ఊపాడో తెలియదు.

ఆ సెప్టెంబరులో నేను ఇంగ్లీషు పాసయ్యాను. 1984లో నంద్యాలలోనే బి.ఏ. పూర్తి చేశాను. మా ఇంట్లో అది మొదటి డిగ్రీ. దానికోసం పెట్టిన కృతజ్ఞత కూడికలో నాయన అదే సాక్ష్యం మళ్లీ చెప్పాడు. అమ్మా నేనూ మామ గారూ తలలు వంచుకొని కూర్చున్నాం. అందరూ ఆమేన్ అన్నారు, మేమూ అన్నాం. నేను ఆళ్లగడ్డలో పదో తరగతి పిల్లలకు ఇంగ్లీషు చెప్పడం మొదలుపెట్టాక కూడా, ఫీజు మాట్లాడటానికి వచ్చే తల్లిదండ్రులు ఆ సంగతి తమ పిల్లలకు నా ముందే చెప్పేవారు.

నంద్యాల ఇంట్లో జరిగిన మార్పు ఇది. మేము ఆళ్లగడ్డ నుంచి తిరిగి వెళ్లిన మరునాటి నుంచి మామ గారు పలక మీద ప్రశ్నలు రాయడం మానేశారు. పాఠం మాత్రమే రాసి, నన్ను ఎదురుగా నిలబెట్టి, అది ఎవరి గురించో ముందు తెలుగులో చెప్పమనేవారు. ఆ కాసేపు పగటిపూట తెలుగు మాట్లాడవచ్చు. అత్త కుండతో మాట్లాడటం మాత్రం మానలేదు.